మూడు పాత లెన్సుల రిపేరు డైరీ

శనివారం ఉదయం

టేబుల్ మీద మూడు లెన్సులున్నాయి. మూడూ ఎం42 మౌంటువే, అంటే వెనక 42 మిల్లీమీటర్ల మర ఉండి కెమెరాలోకి తిప్పి బిగించే రకం. ఒక్కోదానికీ ఒక్కో జబ్బు.

మొదటిది హీలియోస్ 44-2. ఫోకల్ లెంత్ 58 ఎం.ఎం., ఎఫ్2. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. సోవియట్ కాలంలో జెనిట్ కెమెరాలతో పాటు లక్షల సంఖ్యలో వచ్చిన లెన్స్ ఇది. కార్ల్ జైస్ యేనా వారి బయోటార్ డిజైన్ దీనికి మూలం. ఫోకస్ రింగ్ మొండికేసింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే గానీ కదలదు. పైగా లోపల గాజు మీద పల్చటి మసక పొర.

రెండోది సూపర్ టాకుమార్ 50 ఎం.ఎం., ఎఫ్1.4. రింగులు మెత్తగా తిరుగుతున్నాయి, లోపలికి వచ్చే వెలుతురుని పెంచి తగ్గించే రేకులు, అంటే బ్లేడ్లు, శుభ్రంగా ఉన్నాయి. కానీ తెల్లకాగితం మీద పెట్టి పైనుంచి చూస్తే కాగితం తేనెరంగులో కనిపిస్తోంది.

మూడోది 135 ఎం.ఎం. టెలిఫోటో, ఎఫ్2.8. దీని పేరుతో మనకి పనిలేదు, ఇలాంటివి ఎన్నో పేర్లతో వచ్చాయి. ముందు గాజు వెనకవైపు సన్నటి పోగులుగా పాకిన ఫంగస్ ఉంది. ఇంకా లోతున ఎక్కడో మరికొంత ఉన్నట్టుంది.

ఏదీ విప్పకముందే మూడింటితోనూ ఫొటోలు తీసి పెట్టుకున్నాను. పుస్తకాల అర ఫుల్ అపెర్చర్‌లో, అంటే బ్లేడ్లు పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్8లో ఒకటి. ఫ్రేము అంచున వెలుగుతున్న బల్బు ఉండేలా ఒకటి. దూరాన కనిపించే టవర్ ఒకటి. పాత లెన్స్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని టార్చి వేసి లోపలికి చూడటం. ఆ వెలుతురులో ఏ లెన్సయినా భయపెడుతుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త లెన్సులో కూడా దుమ్ము చుక్కలు తళతళా మెరుస్తాయి. ఆ చుక్కలు ఫొటోలోకి రావు. ఫోకస్ అయ్యే తలానికి అవి ఎంతో దూరంలో ఉంటాయి కాబట్టి వాటి నీడ ఫ్రేమంతా పరుచుకుని పల్చబడిపోతుంది. ముందు గాజు మీద సన్నటి గీత ఉన్నా అంతే. వెనక గాజు మీద గీత, లోపలి మసక, ముదిరిన ఫంగస్: నిజంగా ఫొటోని పాడుచేసేవి ఇవి. అందుకే లెన్స్ విప్పాలా వద్దా అన్నది టార్చిని కాదు, ఫొటోని అడిగి తేల్చుకోవాలన్నది నా పద్ధతి.

ఫొటోలు ఏం చెప్పాయంటే, హీలియోస్‌లో బల్బు ఉన్న ఫ్రేము మొత్తం వెలిసిపోయింది, నలుపు ఉండాల్సిన చోట బూడిదరంగు. మామూలు వెలుతురులో కూడా కాంట్రాస్ట్ తక్కువే. టాకుమార్ షార్ప్‌గా ఉంది, రంగు మాత్రం పసుపుకి తిరిగింది. అన్నింటికన్నా చూపుకి ఘోరంగా ఉన్న 135 మాత్రం, బల్బు ఫ్రేములో తప్ప మిగతా చోట్ల బాగానే తీసింది. టార్చి చూపించిన వరసకి పూర్తిగా తలకిందులు.

మసకకి ఇంత బలం ఎక్కడిదంటే లెక్క సులువే. హీలియోస్‌లో 6 గాజులు 4 గుంపులుగా ఉంటాయి. అంటే గాలికి తగిలే ఉపరితలాలు 8. పూత లేని మామూలు గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి పంపేస్తుంది. ఎనిమిది దాటేసరికి నాలుగో వంతుకి పైగానే పోతుంది, పోయినదాంట్లో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి ఫొటో మీద పడుతుంది. జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో పేటెంట్ చేసిన, వెలుతురు వెనక్కి పోకుండా ఆపే పూత పద్ధతికి అంత విలువ అందుకే. ఆ పూత మీద నూనె పొర పేరుకుంటే పూత ఉన్న లాభం పోయి, పైన వెలుతురు చెదిరిపోవడం కూడా తోడవుతుంది.

కాబట్టి ముందు హీలియోస్. టాకుమార్‌ని అసలు విప్పను, దానికి వేరే వైద్యం ఉంది. 135 ఆఖరున.

శనివారం మధ్యాహ్నం

పనిముట్లు. పెద్ద జాబితా ఏమీ లేదు, కానీ ఉన్నవి సరైనవై ఉండాలి.

జపాన్ లెన్సుల మీద కనిపించే ప్లస్ ఆకారపు స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూలు కావు. అవి జె.ఐ.ఎస్., అంటే జపాన్ పారిశ్రామిక ప్రమాణాల కొలతలవి. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి తలని అరగదీస్తుంది. జె.ఐ.ఎస్. సెట్టు ఒకటి విడిగా ఉండాల్సిందే. హీలియోస్‌కి ఆ బాధ లేదు, అన్నీ మైనస్ గాడి ఉన్న సన్నటి స్క్రూలు. వాటికి కావాల్సింది గాడి వెడల్పుకి సరిగ్గా సరిపడే మొన.

రెండు మొనల లెన్స్ స్పానర్. రింగుల మీద ఉండే రెండు గాడుల్లో మొనలు పెట్టి తిప్పాలి. ఇది జారితే గాజు మీద గీత పడటం ఖాయం, అందుకే స్పానర్ పెట్టే ముందు గాజుని కప్పేలా గుండ్రటి అట్టముక్క కత్తిరించి పెట్టుకుంటాను. ముందు గాజు చుట్టూ లెన్స్ పేరు రాసి ఉండే రింగుకి గాడులు లేకపోతే స్పానర్ పనికిరాదు, రబ్బరు బిరడా అదిమి తిప్పితే వచ్చేస్తుంది.

గాలి కొట్టే రబ్బరు బ్లోయర్, లెన్స్ టిష్యూ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గ్రీజు కడగడానికి లైటర్ ఫ్లూయిడ్. ఎసిటోన్ సీసా కూడా ఉంది కానీ దాన్ని టేబుల్‌కి ఆ చివరే ఉంచాను. లక్క వేసి బిగించిన మొండి స్క్రూ మీద అగ్గిపుల్లతో ఒక్క బొట్టు వేసి కాసేపు ఆగడానికి తప్ప దాన్ని వాడను. రింగుల మీది అంకెల రంగు, ప్లాస్టిక్ భాగాలు, గాజు అంచున ఉండే నల్లరంగు, దేన్నీ అది వదిలిపెట్టదు. లైటర్ ఫ్లూయిడ్ మంటకి అంటుకునే సరుకు. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని పనిచేయాలి.

ఇంకా ఒక పాత తెల్ల తువ్వాలు. స్క్రూ కిందపడితే ఎగరకుండా అక్కడే ఆగిపోతుంది. నున్నటి టేబుల్ మీద లెన్స్ విప్పేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

ఆదివారం

హీలియోస్ విప్పాను.

బలమంతా ఫోకస్ రింగ్ దగ్గరే ఖర్చవుతుందనుకున్నాను గానీ మొదటి అంచె సాఫీగానే జరిగింది. ముందు రింగుని ఇన్ఫినిటీ గుర్తు, అంటే అంతులేని దూరానికి ఫోకస్ అయ్యే గుర్తు దగ్గరికి తెచ్చి ఆపాను. ఫోకస్ రింగ్ చుట్టూ మూడు చిన్న స్క్రూలుంటాయి. వాటిని వదులు చేసే ముందే రింగ్ అంచు మీద, దాని కింది లోహం మీద కలిసేలా సన్నటి సూదితో ఒకే గీత గీశాను. మార్కర్ గీత చాలదు, లైటర్ ఫ్లూయిడ్ తగిలితే చెరిగిపోతుంది. ప్రతి అంచెకీ ఫోన్‌తో ఫొటో తీసి, ఊడిన స్క్రూలని ఊడిన వరసలోనే టేపు మీద అంటించి పెట్టాను.

వెనక గాజుల గుంపు ఒకే గూడులో ఉండి మర తిప్పితే బయటికి వస్తుంది. అది తీయగానే విషయం తేలిపోయింది. మసకంతా బ్లేడ్లకి అటూ ఇటూ ఉన్న రెండు పుటాకార ఉపరితలాల మీదే ఉంది. బయటి గాజులు శుభ్రంగా ఉన్నాయి. పాత గ్రీజులోంచి విడిపోయిన నూనె సన్నగా పాకి బ్లేడ్ల మీదికి చేరుతుంది, అక్కడినుంచి ఆవిరై దగ్గర్లో ఉన్న గాజు మీద పేరుకుంటుంది. అంటే గాజు మీది మసక, బ్లేడ్ల మీది జిడ్డు, బిగుసుకున్న రింగ్, ఇవి మూడు జబ్బులు కావు. మూడూ ఆ గ్రీజు చేసిన పనే. గాజు తుడిచి ఊరుకుంటే కొన్నాళ్లకి మళ్లీ అదే మసక.

కాబట్టి హెలికాయిడ్ దాకా వెళ్లక తప్పదు. ఫోకస్ రింగ్ తిప్పినప్పుడు లెన్సుని ముందుకీ వెనక్కీ నడిపించే మరల జతనే హెలికాయిడ్ అంటారు. లెన్స్ రిపేరులో జనం భయపడే భాగం ఇదే, భయపడాల్సిన భాగం కూడా ఇదే. ఎందుకో చెప్పాలంటే చిన్న లెక్క వేయాలి.

హీలియోస్ అతి దగ్గరి ఫోకస్ దూరం అర మీటరు. 58 ఎం.ఎం. లెన్స్ ఇన్ఫినిటీ నుంచి అర మీటరుకి రావాలంటే సుమారు 9 మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. మామూలు మర అయితే ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరు జరుగుతుందనుకుందాం. వెనక ఉన్న ఎం42 మర అలాంటిదే. అలాగైతే దగ్గరి మనిషిని ఫోకస్ చేయడానికి రింగుని తొమ్మిది చుట్లు తిప్పాలి! ఈలోగా ఆ మనిషి వెళ్లిపోతాడు. అందుకని హెలికాయిడ్‌లో ఒకే మర కాకుండా పక్కపక్కనే చాలా మరలు ఏటవాలుగా మొదలవుతాయి. ఒక్క చుట్టు కూడా పూర్తికాకుండానే తొమ్మిది మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఎన్ని మరలు మొదలైతే తిరిగి బిగించేటప్పుడు అన్ని ప్రవేశాలుంటాయి. ఏ ప్రవేశంలో పెట్టినా సాఫీగానే ఎక్కుతుంది, అన్నీ సరైనవే అనిపిస్తాయి. అసలు సరైనది ఒక్కటే. వేరేదాంట్లో ఎక్కితే లెన్స్ ఎత్తు మారిపోయి ఇన్ఫినిటీ దొరకదు, లేదంటే ఇన్ఫినిటీ దాటి ఎక్కడికో పోతుంది.

విడదీసే పద్ధతి ఇదీ. గూడు తిరగకుండా నిటారుగా జరిగేలా పట్టుకునే గైడ్ ముక్కలని ముందు తీసేయాలి. వాటిలో ఏది ఏ వైపుదో గుర్తుపెట్టాలి, అవి ఒకదాని చోట ఒకటి సరిగ్గా కూర్చోవు. తర్వాత మరని చాలా నెమ్మదిగా, దాదాపు బరువు పెట్టకుండా తిప్పుతూ పోవాలి. మరలు పట్టు వదిలే క్షణంలో చిన్న టిక్ వినిపిస్తుంది, భాగం కొద్దిగా కిందికి జారుతుంది. సరిగ్గా అక్కడ ఆపి, రెండు భాగాల మీదా కలిసేలా సూదితో గీత గీయాలి. లోపలి జతకి ఒక గీత, బయటి జతకి రెండు గీతలు పెట్టాను, ఏది దేనిదో తేడా తెలిసేలా. గీత పడ్డాక గ్రీజు పూర్తిగా తుడిచి గీత కనిపిస్తోందో లేదో చూసుకుని, ఫొటో తీసి, అప్పుడు విడదీశాను.

ఎవరో ముందే విప్పేసిన లెన్స్ చేతికొచ్చి, గుర్తులేవీ లేకపోతే? కంగారు అక్కర్లేదు. ప్రవేశాలు లెక్కపెట్టి, ఒక్కోదాంట్లో ఎక్కించి, గైడ్ ముక్కలు వాటి చోట కూర్చుంటున్నాయా, ఇన్ఫినిటీ దొరుకుతోందా చూస్తూ పోవడమే. ఓపిక ఉంటే చాలు, తెలివితేటలతో పనిలేదు.

లోపలి గ్రీజు ఎండి గోధుమరంగు జిగురైపోయింది. ఇత్తడి తగిలిన చోట్ల ఆకుపచ్చ. రాగి కలిసిన లోహం పాత గ్రీజుతో కలిస్తే ఆ రంగే వస్తుంది. లైటర్ ఫ్లూయిడ్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో, గాడుల్లో చెక్కపుల్లతో గీకాను. లోహపు మొనతో గీకకూడదు, మర మీద గీత పడితే తర్వాత ప్రతిసారీ వేలికి తెలుస్తుంది. తెల్లబట్టతో తుడిస్తే బట్టకి రంగు అంటనంతవరకూ కడగాలి. ఇది ఓపికతో చేసే విసుగు పని, ఇంతకంటే రాయడానికేమీ లేదు.

సోమవారం రాత్రి

బ్లేడ్లు. హీలియోస్ 44-2లో ఎనిమిది బ్లేడ్లు. అపెర్చర్ ప్రీసెట్ రకం, అంటే చేత్తో తిప్పి మూయాలి, స్ప్రింగ్ ఏదీ లేదు. కాబట్టి జిడ్డు ఉన్నా పని ఆగదు. అదే ఆటోమేటిక్ అపెర్చర్ ఉన్న లెన్స్ అయితే జిడ్డు వల్ల బ్లేడ్లు ఆలస్యంగా మూసుకుని, వెలుతురు ఎక్కువై ఫొటోలన్నీ ఓవర్ అయిపోతాయి. ఇక్కడ శుభ్రం చేయడానికి కారణం ఒక్కటే, ఆ నూనె మళ్లీ గాజు ఎక్కకూడదు.

బ్లేడ్లు విప్పలేదు. ఒక్కో బ్లేడుకి అటొకటి ఇటొకటి పిన్నులుంటాయి. ఒకటి స్థిరంగా ఉన్న రంధ్రంలో, రెండోది తిరిగే రింగ్ గాడిలో కూర్చోవాలి. ఆఖరి బ్లేడు కొసని మొదటి బ్లేడు కిందికి దూర్చాలి. చేయలేని పని కాదు గానీ, తుప్పు లేదు, వంకర లేదు, విప్పాల్సిన అవసరం లేదు. గాజులు రెండు వైపులా బయటికి వచ్చేశాయి కాబట్టి గూడుని ఏటవాలుగా పట్టుకుని బ్లేడ్ల మీద లైటర్ ఫ్లూయిడ్ చుక్కలు వేయడం, రింగ్ తెరుస్తూ మూస్తూ ఉండటం, బయటికి వచ్చిన జిడ్డుని టిష్యూ కొసతో పీల్చడం. టిష్యూ పొడిగా, తెల్లగా బయటికి వచ్చేదాకా అదే. తర్వాత బ్లేడ్లకి నూనె, గ్రీజు ఏదీ పెట్టకూడదు. అవి పొడిగానే తిరగాలి.

గాజుకి ముందు బ్లోయర్, తర్వాతే ద్రవం. ఇసుక రేణువు మీద తడి టిష్యూ లాగితే పూత పోతుంది, ఆ కాలపు సింగిల్ కోటింగులు, అంటే ఒకే పొర పూతలు, నేటి వాటంత గట్టివి కావు. ఆల్కహాల్‌ని గాజు మీద పోయకుండా టిష్యూ మీద వేసుకోవాలి. గాజు మీద పోస్తే అంచుకి పాకి అక్కడి నల్లరంగుని కరిగిస్తుంది. మధ్యనుంచి మొదలుపెట్టి గుండ్రంగా అంచుదాకా ఒకసారి, టిష్యూ పారేసి కొత్తది. పుటాకారపు గాజుకి టిష్యూ చుట్టిన ఇయర్ బడ్ హాయిగా ఉంది. శుభ్రమైందో లేదో తేల్చుకోవడానికి మెల్లగా ఊపిరి ఊదితే చాలు, ఆవిరి ఒకే తీరుగా పరుచుకుని ఒకే తీరుగా పోవాలి. ఎక్కడైనా మరక ఉంటే ఆవిరి అక్కడ వేరే ఆకారంలో నిలబడుతుంది.

మసక పూర్తిగా పోయింది. కింద పూత నీలి ఊదా రంగులో చెక్కుచెదరకుండా ఉంది.

మంగళవారం

హీలియోస్ భాగాలు ఆరుతున్నాయి, ఈలోగా టాకుమార్ సంగతి.

ఈ పసుపు మురికి కాదు. ఈ లెన్సులోని కొన్ని గాజుల్లో థోరియం ఆక్సైడ్ కలిపారు. వక్రీభవన గుణకం ఎక్కువగా ఉండాలి, రంగులు విడిపోవడం తక్కువగా ఉండాలి అంటే ఆ రోజుల్లో అదొక మంచి దారి. థోరియం రేడియోధార్మికత గాజులోపలి నిర్మాణాన్ని దశాబ్దాల తరబడి కొద్దికొద్దిగా చెదరగొట్టి, నీలాన్ని మింగేసే కేంద్రాలు ఏర్పరుస్తుంది. అదే ఈ తేనెరంగు. తుడిస్తే పోయేది కాదు కాబట్టి విప్పడం దండగ. అల్ట్రావయొలెట్ వెలుతురు పడితే ఆ కేంద్రాలు మళ్లీ సర్దుకుంటాయి.

ఎండలో పెట్టడం పాతకాలపు చిట్కా. పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. లెన్స్ వేడెక్కితే గ్రీజులోంచి నూనె కారుతుంది, అంటే ఒక జబ్బు తగ్గించబోయి హీలియోస్ జబ్బు తగిలించడం. పైగా ఎండలో పెట్టిన లెన్స్ భూతద్దమే. దాని ఫోకస్ పడిన చోట కాగితమో గుడ్డో ఉంటే కాలిపోతుంది. కాబట్టి చిన్న యు.వి. ఎల్.ఇ.డి. దీపం తెచ్చి, లెన్సుని ముందు గాజు కిందికి ఉండేలా అల్యూమినియం ఫాయిల్ మీద బోర్లించి, వెనక గాజుకి దగ్గరగా దీపం పెట్టాను. థోరియం గాజు వెనకవైపే ఉంది. దీపానికి, లెన్సుకి కలిపి ఫాయిల్‌తో గుడారం కట్టాను, వెలుతురు బయటికి రాకుండా. ఆ దీపం వైపు నేరుగా చూడొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. చేయి పెట్టి చూస్తే లెన్స్ చల్లగానే ఉంది.

తేడా కంటితో అంచనా వేయడం కష్టం, రోజూ చూస్తుంటే అలవాటైపోతుంది. అందుకే ఒకే బల్బు కింద ఒకే తెల్లకాగితాన్ని, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో, వైట్ బ్యాలెన్స్ డేలైట్ మీద లాక్ చేసి ఫొటో తీస్తున్నాను. ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే కెమెరా పసుపుని తనే దిద్దేసి మనల్ని మాయ చేస్తుంది. ఫొటోలో ఏ రంగు వెలుతురు ఎంత ఉందో చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రాములో నీలం గుట్ట ఎంత వెనకబడి ఉందో అదే కొలత.

రేడియోధార్మికత మాటెత్తగానే భయపడే మిత్రులున్నారు. కెమెరాకి పెట్టి ఫొటోలు తీసుకోవడం వరకూ భయపడాల్సిందేమీ లేదు. చేయకూడనివి ఏమిటంటే, ఆ గాజుని గీకకూడదు, అరగదీయకూడదు, పగిలిన ముక్కల పొడి పీల్చకూడదు, కంటికి ఆనించి చూసే ఐపీస్‌గా వాడకూడదు.

శనివారం

హీలియోస్ బిగింపు.

గ్రీజు విషయంలో నా అభిప్రాయం సూటిగా రాస్తాను. బండ్లకి వాడే మామూలు లిథియం గ్రీజు లెన్సుకి వద్దు. రెండు నెలలు అద్భుతంగా తిరుగుతుంది. తర్వాత దాంట్లోంచి నూనె వేరుపడి బ్లేడ్ల దారి పడుతుంది. హెలికాయిడ్ కోసమే చేసిన డ్యాంపింగ్ గ్రీజు వేరు. దాని పని జారేలా చేయడం ఒక్కటే కాదు, తగినంత ఆపడం కూడా. వదిలేస్తే రింగ్ ఉన్నచోటే ఉండాలి, తిప్పితే వేలికి ఒకే తీరు బరువు తగలాలి. మరీ పల్చటిది పెడితే రింగ్ దానంతటదే జారుతుంది, చిక్కటిది పెడితే మళ్లీ రెండు చేతుల కథ.

సన్నటి బ్రష్‌తో మర మొదట్లో కొద్దిగా పూసి, ఎక్కించి, రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిపించి, బయటికి పొంగిన గ్రీజంతా తుడిచేశాను. లోపల మిగిలింది చాలా కొద్ది. చాలదేమో అనిపించేంత ఉంటే సరిపోయినట్టు.

గీతలు కలిపి పెట్టగానే టిక్ మంటూ మర పట్టుకుంది. లోపలి జత, బయటి జత, గైడ్ ముక్కలు, ఆ వరసలో. రింగ్ ఇప్పుడు రెండు వేళ్లతో తిరుగుతోంది.

మిగిలింది ఇన్ఫినిటీ. ఇక్కడ తొందరపడితే చేసిన పనంతా వృథా. వస్తువుని బట్టి లెన్స్ ఎంత ముందుకి జరగాలో సుమారు లెక్క: ఫోకల్ లెంత్ వర్గాన్ని దూరంతో భాగించాలి. 58 వర్గం 3,364. అంటే 100 మీటర్ల దూరంలో ఉన్నదానికి 0.034 మిల్లీమీటర్లు, కిలోమీటరు దూరానికి 0.003. కాబట్టి వీధి చివర ఉన్న ఇంటిని చూసి ఇన్ఫినిటీ సరిచేశానంటే కుదరదు. చంద్రుడో నక్షత్రమో, లేదంటే కనీసం కిలోమీటరుకి పైన ఉన్న టవర్ దీపమో కావాలి.

దానికి ముందు అడాప్టర్ని, అంటే పాత లెన్సుని నా డిజిటల్ కెమెరాకి తగిలించే రింగుని, అనుమానించాలి. ఎం42 మౌంటు నుంచి ఫిల్ము దాకా ఉండాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. నా కెమెరాది సోనీ వారి 'ఇ' (E) మౌంటు, దాని దూరం 18. కాబట్టి అడాప్టర్ మందం 27.46 ఉండాలి. అడాప్టర్లు చేసేవాళ్లు చాలామంది కావాలనే కొద్దిగా తగ్గించి చేస్తారు, ఎవరి లెన్సుకైనా ఇన్ఫినిటీ దొరకాలని. డిజిటల్ క్యాలిపర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే నాది 0.1 తక్కువ. వినడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ పై లెక్క తిప్పి వేస్తే, స్కేలు మీద 34 మీటర్లు అన్నచోటే చంద్రుడు ఫోకస్ అవుతాడు. ఈ అడాప్టర్‌తో లెన్సుని సరిచేస్తే లెన్స్ అడాప్టర్ తప్పుకి అలవాటుపడుతుంది, రేపు ఫిల్ము కెమెరాకి పెడితే ఇన్ఫినిటీ అందదు.

కూల్‌డ్రింక్ క్యాన్ గోడ మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. అడాప్టర్ రెండు భాగాల మధ్య, స్క్రూలున్న చోట సరిపడేలా ముక్కలు కత్తిరించి పెట్టి బిగించాను. మళ్లీ నాలుగు చోట్లా కొలిచాను. అన్నిచోట్లా సమంగా ఉంటేనే పనికొస్తుంది. ఒకవైపు ఎత్తయితే ఫ్రేములో ఒక అంచు ఎప్పుడూ మెత్తగా, పదును లేకుండానే ఉంటుంది.

రాత్రి లెన్సుని ఎఫ్2లో తెరిచి, తెర మీద పూర్తిగా పెద్దది చేసి, చంద్రుడి అంచు కత్తిరించినట్టు కనిపించేదాకా రింగ్ నడిపాను. అక్కడ హెలికాయిడ్ కదలకుండా పట్టుకుని, ఫోకస్ రింగ్ మూడు స్క్రూలు వదులు చేసి, రింగుని మాత్రమే ఇన్ఫినిటీ గుర్తుకి తిప్పి బిగించాను. పాత సూదిగీతకి, కొత్త చోటుకి తేడా వెంట్రుకవాసి. ఎఫ్2.8లో, ఎఫ్4లో కూడా చూసి సరిపోయిందనుకున్నాక స్క్రూల మీద సన్నగా లక్క చుక్క.

ఆదివారం

135.

దీని ఫొటోలు బాగానే ఉన్నాయి కదా, విప్పడం ఎందుకు అంటే, ఫంగస్ ఆగి ఉండదు. తేమ దొరికితే పెరుగుతుంది, అది వదిలే ఆమ్లాలు పూతని, చివరికి గాజుని తింటాయి. ముందు గాజు తీయడానికి ఒక్క రింగ్ విప్పితే చాలు కాబట్టి ఆ మేరకి పని పెట్టుకున్నాను.

గాజు తీసే ముందు దాని అంచు మీద ముందువైపు ఏదో తెలిసేలా పెన్సిల్‌తో బాణం గుర్తు. రెండు వైపులా ఉబ్బుగా ఉండే గాజులు తిరగబడినా గూట్లో చక్కగానే కూర్చుంటాయి, ఫొటో మాత్రం మెత్తబడిపోతుంది, కారణం ఎంతకీ అంతుపట్టదు.

3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, గృహ అవసరాలకి దొరికే అమ్మోనియా ద్రవం, సగం సగం కలిపి టిష్యూ తడిపి గాజు మీద కాసేపు పరిచాను. కిటికీ తెరిచే ఉంచాలి. అమ్మోనియా దగ్గరికి బ్లీచింగ్ ద్రవం రానే రాకూడదు, విషవాయువు పుడుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆఖరున ఆల్కహాల్. పోగులన్నీ పోయాయి. ఏటవాలుగా పట్టుకుని చూస్తే అవి పాకిన దారి మాత్రం పూత మీద లేతగా మిగిలింది. పూత తినేసిన చోటు అది, ఎంత తుడిచినా రాదు, తుడవనూ కూడదు.

లోతున ఉన్న ఫంగస్ సంగతి వేరే. గూడుని తిప్పుతూ వెలుతురు పెట్టి చూస్తే ఆ మచ్చ ముందు ఉపరితలం మీదా లేదు, వెనకదాని మీదా లేదు. అతికించిన రెండు గాజుల మధ్య, అంచున ఉంది. ఆ కాలంలో ఇలాంటి జంటల్ని కెనడా బాల్సమ్‌తో అతికించేవారు. ఫర్ చెట్టు బంక అది, దాని వక్రీభవన గుణకం సుమారు 1.55, గాజుకి బాగా దగ్గర. అతుకు కనపడకపోవడానికి కారణం అదే. వేడి చేస్తే మెత్తబడుతుంది, విడదీసి కడిగి యు.వి. జిగురుతో మళ్లీ అతికించేవాళ్లున్నారు. కానీ రెండు గాజుల అక్షాలు ఒక్క గీత మీదికి రావాలి. కొద్దిగా పక్కకి జరిగితే ఫ్రేములో ఒక మూల ఎప్పటికీ సరిగ్గా రాదు. వేడి హెచ్చుతగ్గులైతే గాజు పగిలిపోవచ్చు. ఇప్పుడు మచ్చ అంచున ఉంది, ఎఫ్4 పెడితే బ్లేడ్ల వెనక్కి పోతుంది. నా దగ్గర అక్షం సరిచూసే పరికరం లేదు. ఈ జంటని విప్పను.

బల్బు ఫ్రేము మళ్లీ తీశాను. మొదటిదాని కన్నా చాలా నయం, కొద్దిగా వెలిసిన ఛాయ ఉంది, పక్క వెలుతురు పడకుండా ముందు తగిలించే హుడ్ పెడితే అదీ పోయింది. 

ఫంగస్ లెన్సుని మిగతావాటితో కలిపి పెడితే అంటుకుంటుందని చాలామంది వేరుగా దాస్తారు. దాని బీజాలు గాలిలో అంతటా ఉన్నాయి, శుభ్రమైన లెన్స్ మీద కూడా. తేడా తెచ్చేది తేమే. హీలియోస్‌ని, 135ని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ వేసి పెట్టాను. దీపం పని అయ్యాక టాకుమార్ కూడా అందులోకే. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా బాగా ఎండగడితే గ్రీజుకి, బాల్సమ్‌కి మంచిది కాదు.

ఆ తర్వాతి శనివారం

టాకుమార్ గుడారం విప్పాను. తెల్లకాగితం దాదాపు తెల్లగానే కనిపిస్తోంది. హిస్టోగ్రాములో నీలం గుట్ట ఎరుపు, ఆకుపచ్చ గుట్టల పక్కకి చేరింది, పూర్తిగా కలవలేదు. నిన్నటి ఫ్రేముకి, ఇవాళ్టికి తేడా ఏమీ లేదు కాబట్టి ఇక దీపం ఆపేశాను. ఈ ఛాయ మళ్లీ వస్తుంది. థోరియం అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు, అది తన పని మానదు. ఏళ్లు పట్టే వ్యవహారం కాబట్టి దీపాన్ని పెట్టెలో పెట్టి పైన లెన్స్ పేరు రాశాను.

హీలియోస్‌తో పుస్తకాల అర, బల్బు, టవర్ మళ్లీ తీసి పాత ఫొటోల పక్కన పెట్టి చూశాను. బల్బు ఫ్రేములో నలుపు నలుపుగా వచ్చింది. బల్బు చుట్టూ ఒక వలయం ఇంకా ఉంది, సింగిల్ కోటింగ్ లెన్సుకి అది సహజం, దాన్ని పోగొట్టాలనుకోవడం లేదు. ఫిల్టర్ మర అంచున ఒక నొక్కు ఉంది, 49 ఎం.ఎం. ఫిల్టర్ సగం ఎక్కి ఆగిపోతోంది. వచ్చే వారం చెక్క దిమ్మ మీద పెట్టి దాన్ని సరిచేయాలి. ఆ పనికి ముందు గాజుల గూడు బయటికి తీయాలి, ఈసారి హెలికాయిడ్ జోలికి వెళ్లక్కర్లేదు.